నాలుగో తరగతిలో ‘ఎక్స్’: తగువు ఎక్కడ మొదలైంది?

‘ఎక్కాలే రాని పిల్లోడికి ఎక్స్ ఎందుకు సార్?’ ఎక్స్ అంటే బీజగణితంలో తెలియని అంకెకు బదులు రాసే అక్షరం. చిత్తూరు, తిరుపతి జిల్లాల బడుల్లో పేరెంట్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. టీచర్లు నవ్వి ఊరుకుంటారు. ఈసారి ఊరుకోలేదు. మాట టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు సంఖ్యల వరుసలు, డబ్బాలో అంకె కనుక్కునే లెక్కలు, గ్రాఫులు, ‘ఏది ఎక్కువసార్లు పడుతుంది’ లాంటి ఆటలు ఇప్పుడే అవసరమా, అవసరమైతే వాటిని చెప్పాల్సింది ఎస్జీటీనా (ప్రాథమిక బడి టీచరు), స్కూల్ అసిస్టెంటా (హైస్కూల్లో ఒక్క సబ్జెక్టు చెప్పే టీచరు) అని రెండు వర్గాలుగా చీలి వాదించుకుంటున్నారు.

ఈ కథ చెప్పమంటే పావులూరి మల్లన దగ్గర మొదలుపెట్టేవాళ్ళు ఉన్నారు. పదకొండో శతాబ్దంలోనే ఆయన గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన మాట నిజమే. 1960ల నాటి కొఠారీ విద్యా కమిషన్ దగ్గర మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. అవన్నీ అందరికీ తెలిసినవే. ఇప్పటి తగువుకు మూలం అంత దూరంలో లేదు. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117లో, అంటే బడులను, టీచర్లను సర్దుబాటు చేసిన ప్రభుత్వ ఉత్తర్వులో ఉంది.

బడుల విలీనం అంతకు ముందు ఏడాదే చిన్నగా మొదలైంది. హైస్కూలు ఆవరణలోనో, 250 మీటర్ల లోపో ఉన్న ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతుల పిల్లలను హైస్కూలుకు పంపారు. 2022లో ఆ దూరం కిలోమీటరు అయింది. ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. దానికి ఫౌండేషన్ స్కూల్ అని పేరు పెట్టారు. ఎనిమిదేళ్ళ పిల్లలు రోడ్డు దాటి హైస్కూలుకు నడవాల్సి వచ్చింది. ఆ జూలైలో తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నది రోడ్డు భయంతోనే. లెక్కల సంగతి అప్పుడు ఎవరి నోటా రాలేదు.

లోపల మాత్రం మారింది లెక్కలే. ఊరి బడిలో ఒకే టీచరు తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పేవారు. హైస్కూల్లో బెల్లు కొడితే లెక్కల సారు వస్తారు, మళ్ళీ బెల్లు కొడితే వెళ్ళిపోతారు. పొద్దున పదో తరగతికి త్రికోణమితి చెప్పిన మనిషే మధ్యాహ్నం నాలుగో తరగతికి వస్తారు. ఎస్జీటీలు ఇప్పటికీ చెప్పుకునేది ఈ సంగతే. వాళ్ళ మాట ప్రకారం, పుస్తకంలో 7 + □ = 12 అని ఉంటే బోర్డు మీద అది 7 + ఎక్స్ = 12 అయింది. ‘ఏడుని అటు పంపితే మైనస్ అవుతుంది’ అని సారు చెప్పారు. పిల్లలు రాసుకున్నారు. జవాబు 5 వచ్చింది. ఏడు ఎందుకు అటు పోయిందో, పోతే గుర్తు ఎందుకు మారిందో ఆ వయసు పిల్లలకు అందలేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. 1999లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. ఆరో తరగతి పిల్లలకు 8 + 4 = □ + 5 అని ఇచ్చి డబ్బాలో ఏముండాలి అని అడిగారు. 145 మందిలో ఒక్కరు కూడా 7 అనలేదు. 12 అన్నారు, లేదంటే 17 అన్నారు. వాళ్ళకు ‘=’ అంటే రెండు వైపులా సమానం అని కాదు, ‘ఇక జవాబు రాయి’ అని. మన పిల్లలను ఇదే అడిగి చూడండి, ఎక్కువమంది 12 అనే అంటారు. చిన్న తరగతుల్లో బీజగణితం అంటే అసలు పని ఈ ‘=’ గుర్తును తక్కెడలా చూడడం నేర్పడమే. ఎక్స్‌తో దానికి పనిలేదు. డబ్బా చాలు, ముగ్గు చాలు.

ముగ్గు అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. సందు చుక్క 5 నుంచి 1 వరకు పెట్టండి. నడిమి వరసలో 5, దానికి రెండు వైపులా 4, 3, 2, 1. మొత్తం 25 చుక్కలు. 7 నుంచి 1 వరకు పెడితే 49. నడిమి వరసను దానితోనే హెచ్చవేస్తే మొత్తం వస్తుందని నాలుగో తరగతి పిల్ల నేల మీద చూసి చెప్పగలదు. ‘ఎన్ని చుక్కలతో వేసినా ఇంతేనా?’ అని ఆ పిల్ల అడిగితే అదే బీజగణితం. అక్షరం తర్వాత వచ్చినా నష్టం లేదు. కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి పుస్తకం సంఖ్యల వరుసలతో, ఆకారాల వరుసలతో మొదలవుతుంది, అందులో బీజగణితం పేరుతో పాఠమే లేదు. అంకెల బదులు అక్షరాలతో రాసే లెక్కలు (బీజీయ సమాసాలు) ఏడో తరగతికి జరిగాయి. అంటే దేశం పైకి జరిపిన ఎక్స్‌ను ఇక్కడ బోర్డు మీదికి ముందే దించారన్నమాట.

హైస్కూలు టీచర్ల వైపు మాట కూడా ఉంది. ఒక్క టీచరు ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పిన బడుల్లో గ్రాఫు పాఠం వచ్చేసరికి ఏడాది అయిపోయేది, ఇది కాదనలేం. లెక్కల్లో డిగ్రీ చదివిన మనిషి చెబితే తప్పులు ఉండవు అన్నది వాళ్ళ వాదన. కొంతమంది తల్లిదండ్రులు కూడా మా పిల్లోడికి హైస్కూలు సారే చెబుతున్నాడని సంబరపడ్డారు.

అయితే ఆ మార్పుకు ఆధారంగా చూపించిన కాగితాన్నే తీసి చదివితే వేరే మాట కనిపిస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం 5+3+3+4 అని తరగతులను విడగొట్టింది. 3, 4, 5 తరగతులు సన్నాహక దశ. సబ్జెక్టు టీచర్లు రావాల్సింది దాని తర్వాతి దశలో, అంటే ఆరో తరగతి నుంచి అని అందులోనే ఉంది. ఆ విధానం పేరు చెప్పి మూడో తరగతికే సబ్జెక్టు టీచరును తెచ్చారు. పైగా 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, రాజస్థాన్ నుంచి వచ్చిన కేసులో, ప్రాథమిక తరగతుల టీచరు పోస్టుకు హైస్కూలు టీచర్లు చదివే బీఈడీ అర్హత సరిపోదని తీర్పు ఇచ్చింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య, దానికి డీఈడీ, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ, ఉండాలని దాని సారం. 2024 ఫిబ్రవరిలో మన డీఎస్సీ నోటిఫికేషన్ బీఈడీ వాళ్ళను ఎస్జీటీ పోస్టులకు రానిస్తే హైకోర్టు ఆపేసింది. అదే సమయంలో మన హైస్కూళ్ళలో బీఈడీ చదివిన సార్లు నాలుగో తరగతికి లెక్కలు చెబుతూనే ఉన్నారు. కార్వేటినగరం డైట్‌లో (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) రెండేళ్ళు చిన్నపిల్లలకు చెప్పడమే నేర్చుకుని వచ్చిన టీచరు పక్క వీధిలో ఒకటి, రెండు తరగతులతో కూర్చుని ఉన్నారు.

ఇంత దూరం వచ్చాక ఒకసారి వెనక్కి చూడాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం లెక్కల గురించి చెప్పింది ఒక్కటే: సూత్రాలు కాదు, పిల్లల ఆలోచనే లెక్కల దారి పట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వచ్చిన కొత్త పుస్తకాలు ఆ దారిలోనే నడిచాయి. అగ్గిపుల్లలు పేర్చి వరుస చెప్పడం, క్లాసులో ఎవరికి ఏ పండు ఇష్టమో అడిగి గణన చిహ్నాలు (లెక్కపెట్టే గీతలు) గీయడం ఆ పుస్తకాలతో వచ్చిన అలవాట్లు. 2020లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. బార్ గ్రాఫ్ ఒకవైపు, కమ్మీ రేఖాచిత్రం ఇంకోవైపు. కమ్మీ అంటే మా పిల్లలకు ఇంటి స్లాబుకు కట్టే ఇనప కమ్మీ. ఆ మాట కంటే ‘నిలువు పట్టీల బొమ్మ’ అంటే తొందరగా అందుతుందని చాలామంది టీచర్లు అంటారు.

మరి ‘ముందు భాగహారం రానీ’ అనే వాదన ఎక్కడి నుంచి వచ్చింది? పల్లె పిల్లల చదువును ఇళ్ళకు వెళ్ళి పరీక్షించే అసర్ సర్వే నివేదికల నుంచి. ఆ సర్వేలో పిల్లలను అడిగే లెక్కలు అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. గ్రాఫు చదవగలరా అని చూడరు. ఏది కొలిస్తే అదే చదువు అయిపోవడం మనకు అలవాటే. అయితే 2021 జూలైలో మొదలైన కేంద్ర పథకం నిపుణ్ భారత్ కనీస లెక్కల జాబితాలో సంఖ్యలు, కొలతలతో పాటు వరుసలు, దత్తాంశం (డేటా) కూడా ఉన్నాయి. మూడో తరగతి దాటేలోపు రావాల్సినవాటిలోనే ఇవీ ఉన్నాయి. ఎక్కాలు అయ్యాక తీరిగ్గా చూసుకునే అదనపు పాఠాలు కావు.

తిరుపతిలో ఉండి దత్తాంశానికి ఉదాహరణ దొరకలేదంటే నమ్మను. నిన్న శ్రీవారిని ఎంతమంది దర్శించుకున్నారు, తలనీలాలు ఎంతమంది ఇచ్చారు, హుండీ ఆదాయం ఎంత, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి అన్నది రోజూ పేపర్లో వస్తుంది. ఏడు రోజుల పేపర్లు కత్తిరిస్తే ఒక క్లాసుకు సరిపడా పని. రోజుకు అరవై, డెబ్బై వేలంటే ఒక్కొక్కరికి ఒక బొమ్మ గీయలేం కదా, పది వేలకు ఒక బొమ్మ పెడదామా అని పిల్లలే అడుగుతారు. అదే స్కేలు. మదనపల్లె వైపు పిల్లలకు టమాటా ధర ఉంది. 2023 జూలైలో కిలో వంద దాటిన ఆ గీత ఎలా లేచిందో, ఎలా పడిందో వాళ్ళ ఇళ్ళల్లో అందరికీ గుర్తే.

అన్నిటికంటే ఎక్కువ గొడవ సంభావ్యత మీదే, అంటే ఏది జరిగే అవకాశం ఎంత అని చూసే లెక్క మీదే. దీన్ని అంత చిన్న వయసులో వద్దనేవాళ్ళు రెండు సాక్ష్యాలు చూపిస్తారు. అమెరికాలో లెక్కల టీచర్ల సంఘం 2000లో ఇచ్చిన ప్రమాణాల్లో చిన్న తరగతుల నుంచే సంభావ్యత ఉంది. 2010లో వచ్చిన కామన్ కోర్, అంటే అక్కడి చాలా రాష్ట్రాలు తీసుకున్న పాఠ్య ప్రమాణాలు, దాన్ని ఏడో తరగతికి జరిపింది. ఇక్కడ ఎన్‌సీఈఆర్‌టీ 2022లో భారం తగ్గిస్తూ తొమ్మిదో తరగతి సంభావ్యత పాఠాన్ని మొత్తంగా తీసేసింది. రెండూ నిజమే. అయితే ఆ పెద్ద తరగతుల పాఠం భిన్నంలో రాసే లెక్క. నాలుగో తరగతిలో అడుగుతున్నది ఆ భిన్నం కాదు.

అష్టాచెమ్మా చూడండి. ఒక వైపు అరగదీసిన నాలుగు చింతగింజలు. నాలుగూ తెల్లవైపు పడితే చెమ్మ, నాలుగూ నల్లవైపు పడితే అష్ట. రెండు వైపులూ సమానంగా పడతాయనుకుంటే పదహారు రకాలుగా పడొచ్చు. అందులో రెండు, అంటే రెండు తెల్లవి, పడేది ఆరు రకాలుగా, అష్ట ఒక్క రకంగానే. పిల్లలకు పదహారు అని చెప్పనక్కర్లేదు. నూరుసార్లు వేయించి గీతలు గీయిస్తే రెండు దగ్గర గీతలు కుప్పపడతాయి, అష్ట దగ్గర ఆరేడు ఉంటాయి. ఒక జట్టుకు పన్నెండు వస్తే గింజలు సరిగ్గా అరగలేదేమో అని వాళ్ళే అనుమానిస్తారు. సుప్రభాత సేవ టికెట్లకు ఆన్‌లైన్ డిప్‌లో (లాటరీలో) పేరు వేసి ‘ఈసారీ రాలేదు’ అనే పెద్దమ్మ ప్రతి ఇంట్లో ఒకరుంటారు. టికెట్లు కొన్ని, పేర్లు బోలెడు. ఇది ఆ వయసుకు అందదని ఎలా అంటాం?

2025లో జీవో 117ను పక్కన పెట్టారు. తరగతికి ఒక టీచరు లెక్కన మోడల్ ప్రైమరీ స్కూళ్ళు వచ్చాయి. 3, 4, 5 తరగతులు చాలాచోట్ల ఊరి బడికి తిరిగొచ్చాయి. అదే ఏడాది 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో కొత్త ఎస్జీటీలూ వచ్చారు. దీంతో తగువు తీరిపోవాల్సింది. తీరలేదు. పిల్లలు వెళ్ళిపోయాక హైస్కూళ్ళలో మిగులు తేలిన స్కూల్ అసిస్టెంట్లలో కొందరిని ఈ మోడల్ స్కూళ్ళకే హెడ్మాస్టర్లుగా వేశారు. నాలుగో తరగతి నోటుబుక్కులో ఇప్పుడు డబ్బా గీయించేది ఎస్జీటీ మేడం. నెలాఖరున ఆ నోటుబుక్కు మీద సంతకం పెట్టేది మొన్నటిదాకా అదే పిల్లలకు ఎక్స్ చెప్పిన సారు.