కింగ్స్ ఇండియన్ డిఫెన్స్: ఆరో ఎత్తు దగ్గరే అసలు పరీక్ష

చదరంగంలో తెల్ల 1.డి4కు నల్ల జవాబుగా ఆడే ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల వరస) కింగ్స్ ఇండియన్. గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; × అంటే కొట్టడం, అంకె తర్వాత మూడు చుక్కలుంటే నల్ల ఎత్తు, ! అంటే మంచి ఎత్తు. తెల్ల 1.డి4 ఆడగానే నైట్ ఎఫ్6, జి6, బిషప్ జి7, డి6, క్యాజ్లింగ్ (రాజును, రూక్‌ను ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రం చేయడం). ఈ వరస నోటికి వచ్చేస్తే ఓపెనింగ్ వచ్చేసినట్టే అనుకునేవాళ్లు చాలామంది. దీని చుట్టూ ఉన్న అపోహల్లో సగం అక్కడే పుట్టాయి.

అపోహ: ఇది భారతీయ రాజులు ఆడిన ఆట.

కాదు. ఇక్కడ 'కింగ్' అంటే బోర్డు మీద రాజు ఉండే వైపు. 'ఇండియన్' మాత్రం మనవాళ్ల పుణ్యమే. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో స్కాటిష్ ఆటగాడు జాన్ కాక్రేన్‌తో తలపడిన మహేశ్‌చంద్ర బెనర్జీ ఇలాంటి ఆటలే ఆడేవాడు. మన పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు వెళ్లదు. అందుకే బంట్లను ఒక్కో గడి జరిపి మొదలుపెట్టడం ఇక్కడివాళ్లకు అలవాటు.

అపోహ: తెల్ల ఏం ఆడినా ఆరో ఎత్తు ఈ5.

ఎక్కువమంది పాయింటు పోగొట్టుకునేది ఇక్కడే. మెయిన్ లైన్ (ఎక్కువగా ఆడే వరస) చూడండి: 1.డి4 నైట్ ఎఫ్6 2.సి4 జి6 3.నైట్ సి3 బిషప్ జి7 4.ఈ4 డి6 5.నైట్ ఎఫ్3, క్యాజ్లింగ్, 6.బిషప్ ఈ2 ఈ5. బంటు ఊరికే పోతున్నట్టు కనిపిస్తుంది, పోదు. 7.డి×ఈ5 డి×ఈ5 8.క్వీన్×డి8 రూక్×డి8 9.నైట్×ఈ5 అంటే 9...నైట్×ఈ4! ఎఫ్6 నుంచి నల్ల నైట్ కదలగానే జి7 బిషప్‌కు దారి తెరుచుకుంటుంది. 10.నైట్×ఈ4 బిషప్×ఈ5తో లెక్క సరి.

ఇప్పుడు తెల్ల నైట్‌ను ఎఫ్3కి తేకుండా 5.బిషప్ ఈ2, ఆ తర్వాత 6.బిషప్ జి5 ఆడిందనుకోండి. అదే ఈ5 ఆడితే మునిగినట్టే. పైలాగే ఈ5 దగ్గర బంట్లు, డి8 దగ్గర క్వీన్లు పోయాక 9.నైట్ డి5! జి5 బిషప్ దారిలో ఎఫ్6 నైట్ వెనకే డి8 రూక్ ఉంది, అటు సి7 బంటు మీదా దెబ్బ. కాబట్టి ముందు హెచ్6తో బిషప్‌ను ఎటు పోతావని అడగాలి. అది ఈ3కి వెళ్తే అప్పుడు ఈ5. లేదంటే నేరుగా 6...సి5. తెల్ల 5.ఎఫ్4తో నాలుగు బంట్లు ముందుకు తోసినా మందు సి5యే, ఆ వెంటనే ఈ6.

అపోహ: క్వీన్లు మార్చుకుంటే చప్పగా డ్రా.

మళ్లీ మెయిన్ లైన్‌కే వద్దాం. 8...రూక్×డి8 తర్వాత తెల్ల 9.బిషప్ జి5 అంటే 9...రూక్ ఈ8 ఆడండి. 10.నైట్ డి5 వస్తే ఆ నైట్‌ను కొట్టేసి సి6. రాకపోతే సి6తో డి5 గడిని మూసేయండి. సి4, ఈ4 బంట్లు ముందుకు వెళ్లిపోయాయి కాబట్టి డి4 గడికి తెల్ల బంటు కాపలా లేదు. నల్ల నైట్ ఏ6, సి5, ఈ6 మీదుగా అక్కడికి చేరుతుంది. డ్రా కోసం ఆడిన తెల్లే ఇబ్బంది పడే ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) ఇది.

అపోహ: ఎఫ్5, ఎఫ్4, జి5 తోస్తే మేట్ దానంతటదే వస్తుంది.

మెయిన్ లైన్‌లో 6...ఈ5 తర్వాత తెల్ల బంటును కొట్టకపోతే ఇలా సాగుతుంది: 7.క్యాజ్లింగ్ నైట్ సి6 8.డి5 నైట్ ఈ7 9.నైట్ ఈ1 నైట్ డి7. ఎఫ్6లో నైట్ ఉన్నంతకాలం ఎఫ్ బంటు కదలదు, అందుకే ఈ వెనకడుగు. 10.బిషప్ ఈ3 ఎఫ్5 11.ఎఫ్3 ఎఫ్4 12.బిషప్ ఎఫ్2 జి5. ఎఫ్4కు బదులు ఈ4ను కొట్టేస్తే ఎఫ్ ఫైల్ (నిలువు వరస) తెరుచుకుంటుంది గానీ, రాజు మీదికి తోయడానికి బంటు మిగలదు.

అటు తెల్ల సి5తో సి7, డి6 మీదికి వస్తుంది. రూక్ ఎఫ్7 సి7ను కాస్తుంది, బిషప్ ఎఫ్8 డి6ను కాస్తుంది. ఆ రూకే జి7కి వెళ్లి దాడిలో చేరుతుంది. తర్వాత హెచ్5, నైట్ ఎఫ్6, జి4. సి8 బిషప్ కదలకుండా కూర్చుందని మార్చుకోవద్దు. తెల్ల హెచ్3 ఆడిన రోజు అక్కడ బలిగా పడి రాజు ముందున్న కోట పగలగొట్టేది అదే. అందుకే తెల్ల నైట్ బి5, ఏ7 తిరిగి మరీ దాన్ని పట్టుకోవాలని చూస్తుంది.

తెల్ల 9.నైట్ ఈ1కు బదులు 9.బి4 ఆడితే మాత్రం ఈ పథకం అలాగే దింపకండి. అక్కడ 9...నైట్ హెచ్5, కన్ను ఎఫ్4 గడి మీద. 10.రూక్ ఈ1 ఎఫ్5 11.నైట్ జి5 నైట్ ఎఫ్6 దాకా తెలియాల్సిందే, ఎందుకంటే ఆ నైట్ గురి ఈ6. 1990లలో రష్యా గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్ ఈ బి4తోనే ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను బాగా ఇబ్బంది పెట్టాడు.