రంగు పోయింది సరే, ఎక్కడికి పోయింది?

"సార్, బొగ్గు పొడి ఏసినం, నీళ్లు అద్దంలెక్క అయినయ్. ఇగ కాల్వలకు ఇడవొచ్చా?" అద్దకం యూనిట్ల నుంచి ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. వెంట ఓ వాట్సాప్ వీడియో: ఎర్రటి రంగునీళ్ల బీకరు, చెంచాడు నల్ల పొడి, కాసేపటికి తేటనీళ్లు.

అపోహ: రంగు పోతే కాలుష్యం పోయినట్టే.

కాదు. కార్బన్, అంటే ఆ నల్ల పొడి, చేసే పనులు రెండు. రంగును తన రంధ్రాల్లో పట్టి దాచుకోవడం ఒకటి. పీఎంఎస్ (పెరాక్సీమోనోసల్ఫేట్) లాంటి ఆక్సిడెంట్‌ను, అంటే అణువులను విరగ్గొట్టే రసాయనాన్ని, రెచ్చగొట్టి ఆ రంగు అణువును ముక్కలు చేయించడం రెండోది. కంటికి రెండూ ఒకటే. ఆక్సిడెంట్ వేయకపోతే ఎంత ఖరీదైన నైట్రోజన్ డోపింగ్ (కార్బన్‌లో నైట్రోజన్ చొప్పించిన) కార్బనైనా ఈ పనికి ఉత్త బొగ్గే.

ఓసారి ఒక చిన్న అద్దకం యూనిట్‌కి వెళ్లాను. యజమాని తేటనీళ్ల సీసా నా చేతిలో పెట్టి మురిసిపోయాడు. పాపం, నోటీసు వచ్చినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. డ్రమ్ము అడుగు నుంచి చెంచాడు నల్ల బురద తీసి, కార్బన్ పట్టుకున్న రంగును బయటికి లాగే మెథనాల్ పోసిన టెస్ట్‌ట్యూబ్‌లో వేసి ఊపాను. పొడి కిందికి దిగేసరికి పైన మెథనాల్ గులాబీ రంగుకు తిరిగింది. అంటే రంగు విరగలేదు, బొగ్గులోనే దాక్కుంది. ఆయన కాసేపు దాన్నే చూసి, "మరి ఎనక గుంతల పోసిందంతా ఎట్ల సార్?" అన్నాడు.

అణువు నిజంగా విరిగినా ముక్కలు నీళ్లలోనే మిగలొచ్చు. అందుకే టీఓసీ, అంటే నీళ్లలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్, చూడాలి. ఆక్సిడెంట్‌గా పెరాక్సైడ్ వాడితే, మిగిలిపోయిన పెరాక్సైడ్ టెస్టులో వాడే డైక్రోమేట్‌ను తినేసి సీఓడీని (కాలుష్యాన్ని ఆక్సిజన్ అవసరంతో కొలిచే అంకెను) ఎక్కువ చేసి చూపిస్తుంది. కొత్తలో నేనూ ఆ అంకె చూసి టెన్షన్ పడి, బాగా పనిచేసిన బ్యాచ్‌ను పారబోశాను.

అపోహ: మెటల్-ఫ్రీ (లోహాలు లేని) కార్బన్ అంటే కెమికల్స్ లేనట్టే.

కోబాల్ట్ లాంటి లోహం నీళ్లలోకి దిగదు, ఇనుము, పెరాక్సైడ్ కలిపి వాడే ఫెంటన్ పద్ధతిలో లాగా ఇనుప బురద పేరుకోదు. అంతవరకే నిజం. పీఎంఎస్ కెమికల్ కాక మరేమిటి? పీహెచ్ పడేస్తుంది, సల్ఫేట్ వదిలి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) పెంచుతుంది. ఉప్పు దండిగా ఉండే అద్దకం నీళ్లలోనైతే క్లోరిన్ చేరిన కొత్త విషాలు పుట్టొచ్చు. పర్మాంగనేట్‌తో చేసిన గ్రాఫీన్‌లో (అదీ ఒక రకం కార్బనే) మాంగనీస్ జాడలు మిగులుతాయి, లేబుల్‌ను గుడ్డిగా నమ్మకండి.

ఒకసారి కొంటే ఎన్నేళ్లయినా వస్తుందన్నది సేల్స్ మాట. ఆక్సిడెంట్ కార్బన్‌నూ కొరుకుతుంది.

నల్గొండ వైపు నుంచి ఒక పెద్దావిడ అడిగింది: "కొబ్బరి చిప్పల బొగ్గు బిందెల ఏస్తే ఫ్లోరైడ్ పోతదా బిడ్డా?" పోదమ్మా. ఫ్లోరైడ్‌లో విరగ్గొట్టడానికి ఏమీ లేదు. నల్గొండ పేరుతోనే ఉన్న పద్ధతిలో వాడేది పటిక, సున్నం. నీళ్లు టెస్ట్ చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకండి.

ఆ అద్దకం యూనిట్ బురద ఇప్పుడు సంచుల్లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోతోంది. గుంత సంగతి ఇంకా తేలలేదు.