పారిపోయిన 8 మంది సంగతి

ప్రొద్దుటూరు

చిన్నోడికీ, పాపకూ, మీ చిన్నాన్న పిల్లలిద్దరికీ తాత ఆశీస్సులు.

మీరు బస్సెక్కి వెళ్లిపోయి వారమైంది. హాల్లో కడపబండ మీద మనం సగంలో ఆపేసిన బొమ్మ సైనికుల యుద్ధం ఆట ఇంకా అట్లాగే ఉంది, మీ అవ్వ గుడ్డ పట్టుకుని రెండుసార్లు వచ్చి కూడా నా మొహం చూసి వెనక్కి పోయింది. తీసేయడానికి నాకు చేతులు రావడం లేదు, ఎందుకంటే చిన్నోడు ఆ రోజు అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేదు. ఆదివారాలు నాతో ఆడే ఆచారి తాత, మేస్త్రి తాత ఇద్దరూ ఉన్నారు, ఇంతలో టీ వచ్చింది, మాట ఎటో పోయింది.

చిన్నోడా, నీ దండులో 12 మంది. పడిపోయింది నలుగురే. మిగిలిన 8 మంది ఒక్క పాచిక తప్పినందుకు వెనక్కి తిరిగి బండ అంచు దాటి పోయారు. "వాళ్లు బతికే ఉన్నారు కదా తాతా, ఎందుకు పోవాల?" అని ఏడ్చావు. మంచి ప్రశ్న అది. దానికి జవాబు రాయాలంటే ముందు ఆట గురించి రాయాలి, పాప కూడా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది కాబట్టి ఆమెకూ పనికొస్తుంది.

పెద్ద యుద్ధాల ఆట వేరే. అందులో ఒక బొమ్మ అంటే వంద మంది అని లెక్క. మేం ఆడేది చిన్న దండుల కొట్లాట, ఇంగ్లీషువాళ్లు స్కిర్మిష్ అంటారు. ఇందులో ఒక బొమ్మ అంటే ఒక్క మనిషే. ఒక్కో పక్కన పది మందో ఇరవై మందో ఉంటారు, అంతకు మించితే ఆదివారం మధ్యాహ్నం సరిపోదు. గండికోటనే తీసుకోండి. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకున్నాడు, ఆ ముట్టడి మొత్తం మన బండ మీద పట్టదు. కానీ రాత్రిపూట పెన్నా లోయలోకి దిగి నీళ్లు తెచ్చుకునే పది మంది, వాళ్లను కనిపెట్టి కూర్చున్న ఇంకో పది మంది, ఇది పడుతుంది. ఇది మేం ఊహించుకున్న కథే, కోట మాత్రం నిజం. నాకైతే ముట్టడి కంటే ఇదే ఇష్టం.

ఇట్లాంటి ఆటను అధికారులకు యుద్ధం నేర్పడానికి ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైన్యంలో వాడేవాళ్లు. 1824లో రైస్‌విట్జ్ అనే అధికారి పటం మీద చిన్న దిమ్మెలు జరుపుతూ, పాచికలు వేస్తూ ఆడే పద్ధతికి నిబంధనలు రాశాడు. బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకోవడానికి 1913లో హెచ్.జి.వెల్స్ అనే ఇంగ్లండ్ రచయిత ఇంకో రకం నిబంధనలు రాశాడు, ఆయన ఆటలో స్ప్రింగు ఫిరంగులతో నిజంగానే బొమ్మలను కొట్టేవాళ్లు. ఇదంతా ఎక్కడో దూరదేశం సంగతి అనుకోవద్దు. గుడి మంటపాల్లో బండ మీద చెక్కిన గీతలు చూశారు కదా, పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. పాప అడిగింది, "ఒక పక్క 20 మంది, ఒక పక్క 8 మంది, ఇది అన్యాయం కదా" అని. పులిజూదంలో ఎప్పుడైనా సమానంగా ఉన్నాయా తల్లీ? పులి మేకలను తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి, ఎవరి గెలుపు వాళ్లది. మా ఆటలోనూ అంతే. 20 మంది ఉన్నవాళ్లు ఊరిని పట్టుకోవాలి, 8 మంది మాత్రం ఆరు విడతలు నిలబడితే చాలు, గెలిచినట్టే. ఆ లెక్క సరిగ్గా కుదర్చడానికి మేం ఒకే ఆటను నాలుగైదు ఆదివారాలు మార్చి మార్చి ఆడతాం.

ఇప్పుడు బొమ్మల సంగతి. మనిషి బొమ్మ 28 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగుల మనిషిని అరవయ్యో వంతుకు తగ్గించినట్టు. బయట కొంటే ఖరీదు, పైగా ఊరికి కాపలా కాసే మన కట్టుబడి బంట్రోతు బొమ్మ ఎవరు పోస్తారు? అందుకే మన ఊరి కంసాలి పనితనం అక్కరకొచ్చింది. ఆచారి తాత ముక్కుపుడకలు చేసిన చేతులతోనే మైనంలో మనిషిని చెక్కి, అచ్చు తీసి, తగరం కరిగించి పోస్తాడు. భూతద్దం కంటికి పెట్టుకుని తలపాగా మడతలు ఒక్కొక్కటే గీరుతుంటే పక్కన కూర్చున్నవాడు ఊపిరి గట్టిగా వదలడానికి కూడా వెనకాడతాడు.

రంగులు వేసేది నేను. మే నెలలో మన ఎండకు అక్రిలిక్ రంగు కుంచె మీదే ఆరిపోతుంది, మొదట్లో చాలా రంగు పాడుచేశాను. ఇప్పుడు స్టీలు టిఫిన్ మూతలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపరు వేసి, రంగు ఆ కాగితం మీద పెడతాను. కింది తడి పైకి వస్తూ ఉంటుంది, మధ్యాహ్నమంతా రంగు పచ్చిగానే ఉంటుంది. ముందు పంచెకు తెలుపు, ఒంటికి చామనఛాయ. అది ఆరాక గోధుమరంగును నీళ్లలో బాగా పలచన చేసి బొమ్మంతా పూస్తే, ఆ నీళ్లరంగు మడతల్లోకి జారి నిలబడిపోతుంది, పై అంచులు తేటగా మిగులుతాయి, అప్పటిదాకా తగరం ముక్కగా ఉన్నవాడు ఒక్కసారిగా ఎండలో నిలబడిన మనిషి అయిపోతాడు. నాకు ఈ వయసులో ఇంత సంతోషం ఇచ్చే పని ఇంకోటి లేదు.

నేలకు పచ్చగడ్డి వేయొద్దు. ఫోటోల్లో కనిపించే బల్లలన్నీ పచ్చగా ఉంటాయి, అది ఆ దూరదేశాల వాళ్ల నేల. మన రేనాడు నల్లరేగడి. జల్లెడ పట్టిన మట్టిని జిగురు మీద చల్లాను, ఎండిన పుల్లలతో తుమ్మచెట్లు, పెన్నా ఇసుకలో ఏరిన గులకరాళ్లతో గుట్టలు పెట్టాను, అంతే.

తుపాకి గురించి పాప అడిగింది కూడా రాస్తాను. ఈస్టిండియా కంపెనీ సిపాయి తుపాకి గుండు వంద గజాల దూరం దాకా కాస్తో కూస్తో గురికి తగిలేది. వంద గజాలంటే 300 అడుగులు, దాన్ని అరవయ్యో వంతు చేస్తే 5 అడుగులు. మన బండ మొత్తం నాలుగడుగులే! అట్లా ఆడితే ఎవరూ ఎక్కడా దాక్కోలేరు. అందుకని మనిషికి ఒక కొలత, నేలకు ఇంకో కొలత పెట్టుకుంటాం. గుండు 18 అంగుళాలు పోతుంది, మనిషి ఒక విడతలో 6 అంగుళాలు నడుస్తాడు, రాళ్లలో అయితే మూడే. ఒకసారి కాల్చాక మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి కాబట్టి తర్వాతి విడత అతను కాల్చలేడు. తర్ఫీదు ఉన్న సిపాయి నిమిషానికి రెండు మూడుసార్లు కాల్చేవాడు, వత్తి అంటించే నాటు తుపాకితో అంత వేగం కుదరదు, అందుకే కంపెనీ మీద తిరగబడిన మనవాళ్లకు రెండు విడతలు. కనిపిస్తాడా లేదా అనే గొడవ వస్తే బొమ్మ తల దగ్గరి నుంచి దారం లాగి చూస్తాం. అప్పటికీ తేలకపోతే పాచిక వేసి ముందుకు పోతాం, వాదన టీ తాగేటప్పుడు.

మనం ఆడింది 1846 నాటి ఆట. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఏడాది. ఆయనకు కంపెనీ ఇచ్చే భరణం నెలకు 11 రూపాయల చిల్లర. ఆయన వెంట నడిచిన కట్టుబడి బంట్లు ఊళ్లకు కాపలా కాసి దానికి బదులుగా మాన్యం భూములు దున్నుకునేవాళ్లు, కంపెనీ ఆ మాన్యాల మీద చెయ్యి వేసింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు, తలను కోటకు వేలాడదీసి 1877 దాకా అట్లాగే ఉంచారు. దాన్ని మేం బండ మీదికి తేలేదు, ఎప్పటికీ తేము. మేం ఆడేది దారి కాపు కాయడం, ఖజానా పెట్టె దాటించడం, ఇట్లాంటివే.

నలుగురూ రెడ్డి పక్షమే కావాలని పోట్లాడుకున్నారు, అర్థమైంది నాకు. అయినా ఆట అయ్యాక పక్షాలు మారాలనేది మా ఇంటి నియమం. మొదట్లో నేను కంపెనీ బొమ్మలన్నిటికీ తెల్ల ముఖాలు వేశాను. మేస్త్రి తాత చూసి, "వీళ్లలో మనోళ్లు లేరా?" అన్నాడు, ఆ ఒక్క మాటే. మద్రాసు సైన్యంలో అధికారులు తెల్లవాళ్లు, సిపాయిలు ఎక్కువగా ఈ దక్షిణాది వాళ్లే, తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు. జీతం కోసం చేరినవాళ్లు. ఆ రాత్రే కూర్చుని ఒక్కో ముఖమూ తిరిగి వేశాను. అప్పటి నుంచి వాళ్లలో ఒకడు పడిపోయినా నాకు ఊరికే లెక్కలా అనిపించదు.

ఇప్పుడు నీ ఎనిమిది మంది, చిన్నోడా. దండులో మూడో వంతు పడిపోగానే రెండు పాచికలు వేయాలి, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే నిలబడతారు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి, అందులో 21 రకాలు నీకు అనుకూలం. నాయకుడు 6 అంగుళాల లోపల ఉంటే ఒకటి కలుస్తుంది, అప్పుడు 26 అనుకూలం. నాయకుడే పడిపోతే ఒకటి తగ్గుతుంది, 15కు వచ్చేస్తుంది. నువ్వు పెట్టె మీద ఆశతో నాయకుడిని ఒక్కడినే ముందుకు తోలావు, మొదటి గుండు ఆయనకే తగిలింది. నీకు పడింది సరిగ్గా 7. ఆయన వెనక, మనుషుల మధ్య ఉండి ఉంటే అదే 7కు అందరూ నిలబడేవాళ్లు.

ఇది నిన్ను తప్పుపట్టడానికి కాదు. ఆ నియమం ఎందుకు పెట్టామో చెబుతున్నాను. తుపాకుల కాలంలో దండు ఆఖరి మనిషి దాకా పడిపోవడం అరుదు, దాదాపు ఎప్పుడూ అంతకు ముందే చెదిరిపోయేది. పక్కవాడు పడిపోయాడు, పొగలో ఏమీ కనబడదు, తుపాకిలో మందు లేదు, పిలిచే గొంతు వినబడదు. ఇంట్లో పసిపిల్లలు, చేలో జొన్న. వెనక్కి తిరిగాడు. వాడిని పిరికివాడని అనుకోవద్దురా, బతికి ఊరు చేరిన ఆ 8 మందిలో ఒకడి మనవలో మునిమనవలో ఇవాళ మన పక్క వీధిలో ఉండొచ్చు. ఆఖరి బొమ్మ దాకా కొట్టుకునే నియమంతో కూడా మేం ఆడి చూశాం. రెండు ఆదివారాలకే విసుగొచ్చింది, అందులో మనుషులు లేరు.

నీ నాయకుడి తలపాగా ఆ రోజు కిందపడి కొంచెం పెచ్చు లేచింది. ఆచారి తాత సరిచేసి ఇచ్చాడు, నేను పంచె, ఒంటి రంగు వేశాను, తలపాగా మాత్రం వేయలేదు. ఎర్రదా, పసుపుదా నువ్వే చెప్పాలి, దసరా సెలవులకు వచ్చాక నువ్వే వేయాలి. సన్న కుంచె ఒకటి నీకోసం విడిగా తీసిపెట్టాను, పాపకు మాత్రం చెప్పొద్దు, ఆమెకు వేరేది ఉంది.

మీ తాత