పెన్ డ్రైవ్ ఫార్మాట్: కమాండ్ లైన్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

పాడైపోయిందని పక్కన పడేసే పెన్ డ్రైవ్‌లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. కావాల్సింది నాలుగు కమాండ్లు, కాస్త ఓపిక. కానీ కమాండ్లు టైప్ చేసే నల్ల స్క్రీన్ (అదే కమాండ్ లైన్) అనగానే జనం భయపడిపోతారు. ఆ భయం పోవాలనే ఇది రాస్తున్నాను.

అపోహ: లైనక్స్ ఐఎస్ఓ (సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు) ఎక్కించాక 16 జీబీ పెన్ డ్రైవ్ విండోస్‌లో కొన్ని ఎంబీలే చూపిస్తోందంటే అది పోయినట్టే.

వాస్తవం: ఏమీ పోలేదు. ఐఎస్ఓ తన పార్టిషన్ టేబుల్‌ని (డ్రైవ్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికని) కూడా వెంట తెచ్చుకుంటుంది. అందులో విండోస్‌కి అర్థమయ్యేది చాలాసార్లు కంప్యూటర్ బూట్ అవడానికి వాడే ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషనే, అందుకే అదొక్కటే కనిపిస్తుంది. రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ కొడితే ఆ చిన్న ముక్కే ఫార్మాట్ అవుతుంది, పదిసార్లు కొట్టినా అంతే. పార్టిషన్ చేయడం వేరు, ఫార్మాట్ చేయడం వేరు. మొదటిది డ్రైవ్‌లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఒక భాగమో రాసిపెట్టడం, రెండోది ఆ భాగంలో ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు అమర్చే పద్ధతి) వేయడం. ఇక్కడ మార్చాల్సింది మొదటిదాన్ని. విండోస్‌లో అయితే డిస్క్‌పార్ట్ (diskpart) అనే కమాండ్ లైన్ టూల్ తెరిచి, లిస్ట్ డిస్క్ (list disk) కమాండ్‌తో సైజు చూసుకుని, సరైన డిస్క్‌ని సెలెక్ట్ చేసి, పాత పార్టిషన్లను చెరిపేసే క్లీన్ (clean) కొట్టాలి, ఆ తర్వాత ప్రైమరీ పార్టిషన్ క్రియేట్ చేసి ఫార్మాట్ చేయాలి. ఒక్క మాట, క్లీన్ కొట్టాక అది "నిజంగానే చేయమంటావా" అని అడగదు, వెంటనే చేసేస్తుంది.

అపోహ: కమాండ్ లైన్‌లో చేస్తే హార్డ్ డిస్క్ ఎగిరిపోతుంది.

వాస్తవం: డిస్క్ పేరు చూసుకోకపోతేనే ఎగిరిపోతుంది. లైనక్స్‌లో పెన్ డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, డ్రైవ్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టండి. కొత్తగా వచ్చిన లైనే మీది. ఆర్ఎం (RM, అంటే తీసేయగలిగే డ్రైవా కాదా) అనే కాలమ్‌లో సాధారణంగా 1 ఉంటుంది, సైజు దగ్గర 16 జీబీ డ్రైవ్‌కి 14.9 దగ్గర్లో కనిపిస్తుంది (కంపెనీ లెక్క వెయ్యితో, ఇక్కడి లెక్క 1024తో, అంతే తేడా, మిమ్మల్నెవరూ మోసం చేయలేదు). ఎక్కడో చూసిన ఎస్‌డీబీ (sdb) లాంటి డిస్క్ పేరుని ఉన్నదున్నట్టు కాపీ చేయొద్దు. ఎన్‌వీఎంఈ (ఒక రకం వేగవంతమైన ఎస్ఎస్‌డీ) ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో పెన్ డ్రైవే ఎస్‌డీఏ (sda) కావచ్చు, పాత డెస్క్‌టాప్‌లో అదే ఎస్‌డీఏ మీ హార్డ్ డిస్క్ కావచ్చు.

లైనక్స్‌లో పార్టిషన్లు చేయడానికి నాకు ఎఫ్‌డిస్క్ (fdisk) అనే టూల్ అంటే ఇష్టం, ఎందుకంటే అందులో టెన్షన్ పడాల్సిన క్షణం ఒక్కటే. ముందు పెన్ డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ వాడకం నుంచి విడదీసి), ఎస్‌డీబీ అయితే ఎస్‌డీబీ మీదే, చివర 1 లేకుండా (1 అంటే అందులోని మొదటి పార్టిషన్), తెరవండి. ఓ (o) అక్షరం నొక్కితే డాస్ రకం కొత్త పార్టిషన్ టేబుల్ తయారవుతుంది. ఎన్ (n) నొక్కి మిగతా ప్రశ్నలన్నిటికీ ఎంటర్ కొడితే డ్రైవ్ మొత్తానికీ ఒకే పార్టిషన్ వస్తుంది, అది 2048వ సెక్టార్ దగ్గర, అంటే సరిగ్గా ఒక ఎంబీ వదిలేసి మొదలవుతుంది. టీ (t) నొక్కి సీ (c) ఇస్తే పార్టిషన్ ఫ్యాట్32 (పాత పరికరాలు కూడా చదివే ఫైల్ సిస్టమ్) రకం అవుతుంది. ఇంతవరకూ డ్రైవ్ మీద ఒక్క అక్షరం కూడా పడలేదు! పీ (p) నొక్కి అంతా ఒకసారి చదువుకోండి, ఏదైనా తేడాగా అనిపిస్తే క్యూ (q) కొట్టి బయటికి వచ్చేయండి. డబ్ల్యూ (w) నొక్కినప్పుడే అసలు రాత. ఆ తర్వాత ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్ఎస్ డాట్ వీఫ్యాట్ (mkfs.vfat) కమాండ్‌ని ఈసారి ఎస్‌డీబీ1 మీద నడిపితే పని అయిపోయినట్టే.

అపోహ: 32 జీబీ దాటితే ఫ్యాట్32 పనిచేయదు.

వాస్తవం: ఆ హద్దు విండోస్ ఫార్మాట్ టూల్ పెట్టింది, ఫ్యాట్32ది కాదు. 64 జీబీ డ్రైవ్‌ని లైనక్స్‌లో హాయిగా ఫ్యాట్32 చేసుకోవచ్చు. కారు స్టీరియోకి, పాత టీవీకి నేను అదే వేస్తాను. నిజమైన ఇబ్బంది ఏంటంటే ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. పెద్ద సినిమా ఫైళ్లు పెట్టాలంటే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్ వేయాలి, దాన్ని లైనక్స్ కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) కూడా 2019లో వచ్చిన 5.4 నుంచి నేరుగా చదువుతుంది.

అపోహ: ఫార్మాట్ చేశాం కదా, పాత ఫైళ్లు ఎవరికీ దొరకవు.

వాస్తవం: క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్ల జాబితా మాత్రమే పోతుంది, ఫైళ్లు అక్కడే ఉంటాయి. ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో చాలావరకు బయటికి లాగొచ్చు. ఆధార్, పాన్ స్కాన్లు పెట్టుకుని జిరాక్స్ షాపులకు తిప్పిన డ్రైవ్‌ని ఇంకొకరికి ఇచ్చేముందు దయచేసి లైనక్స్‌లోని డీడీ (dd) కమాండ్‌తో మొత్తం సున్నాలు రాయండి. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి చేసినా సున్నాలే పడతాయి.

అపోహ: ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కోసం ఎదురుచూసే లైను) తిరిగొచ్చిందంటే డ్రైవ్ లాగేయొచ్చు.

వాస్తవం: రాయాల్సిన డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. లైనక్స్‌లో సింక్ (sync) అని కొట్టి, అది పూర్తయ్యేదాకా ఆగండి.

అపోహ: రీడ్ ఓన్లీ అయిపోయిన డ్రైవ్ ఫార్మాట్‌తో బాగవుతుంది.

వాస్తవం: ముందు పక్కన లాక్ స్విచ్ ఉందేమో చూడండి. అదేం లేకపోతే, లోపలి చిప్ అరిగిపోయి డ్రైవ్‌ని నడిపే కంట్రోలరే రాయడం ఆపేసి ఉండొచ్చు, అప్పుడు ఏ కమాండూ పనిచేయదు. చదవడానికి వీలున్నప్పుడే ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి.