డేరా లేచిపోయాక సురభి

సురభి నాటక సమాజం ఆట చూసినవాళ్లు ముందుగా చెప్పేది మాయాబజార్ లడ్డూల గురించే. ఘటోత్కచుడు నోరు తెరవగానే పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటే గాల్లోకి లేచి నోట్లోకి వెళ్లిపోతాయి. పిల్లలు లేచి నిలబడి చూస్తారు. కంటికి ఆనని దారం, తెర చాటున దాన్ని పట్టుకున్న ఒక మనిషి. ఇంతే అక్కడున్న మాయ. ఆ చెయ్యి రెప్పపాటు ఆలస్యమైతే లడ్డూ నోటికి అందదు.

ఈ పనితనం కథ 1885లో మొదలైంది. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం 'కీచకవధ' ఆడింది. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. బొమ్మల వెనక పాడినవాళ్లే తెర ముందుకొచ్చారు. ఊరి పేరే సమాజం పేరై, చివరికి ఇంటిపేరులా నిలిచిపోయింది. మిగతా చోట్ల ఆడవేషాలు మగవాళ్లు కడుతున్న రోజుల్లో, స్థానం నరసింహారావు లాంటి మహానటులు అందులోనే పేరు తెచ్చుకున్న కాలంలో, సురభిలో స్త్రీ పాత్రలు ఆడవాళ్లే వేశారు. ఇంటిల్లిపాదీ నటులే కాబట్టి అది కుదిరింది. 1932 నాటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఆ ఇంటి పిల్లే.

సంసారాలు పెరిగిన కొద్దీ సమాజాలూ చీలి తలో దారి పట్టాయి. ఊళ్లో ఖాళీ జాగా చూసి డేరా వేసేవారు, జనం వస్తున్నన్నాళ్లు ఉండేవారు. వంట అక్కడే, పిల్లల నిద్ర కూడా తెరల పక్కనే. వాటిలో 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని మన కాలం దాకా నడిపిన నాగేశ్వరరావు (బాబ్జీ) 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో కన్నుమూశారు.

సినిమా, టీవీ జనాన్ని లాక్కున్నాయన్నది నిజమే. కానీ జాగా పోవడమే పెద్ద దెబ్బ అని నాకనిపిస్తుంది. డేరాలు వేసిన మైదానాలు ప్లాట్లయ్యాయి. చాలా కుటుంబాలు హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో స్థిరపడ్డాయి. పిల్లలు బడికి వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. అయితే తెరల పక్కన పడుకుని నేర్చుకున్న విద్య ఇప్పుడెలా అందుతుంది? వీడియోలో లడ్డూ కనిపిస్తుంది, దారం లాగే చెయ్యి కనిపించదు. మీటింగుల కోసం కట్టిన హాల్లో ఇన్ని తెరలు, తాళ్లు బిగించడం పెద్ద టెన్షన్, ఆట అవగానే అన్నీ విప్పాలి. వాళ్లు తిరిగిన కడప, తెనాలి వంటి ఊళ్లలో ఒకటి రెండు చోట్లయినా ఎత్తైన కప్పుతో, కట్టిన తెరలు ఏడాది పొడవునా అలాగే ఉండే రంగశాల కావాలి. సెలవుల్లో వచ్చిన పిల్లలు తాడు పట్టుకోవడం అక్కడ నేర్చుకుంటారు.