సీసం లేని పెట్రోలూ పాత బండ్లూ: హెడ్ విప్పించే ముందు చదవండి

పాత కారు ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "సీసం లేని పెట్రోలు పోస్తే ఇంజిన్ పోతుందట, హెడ్ విప్పించి గట్టి సీట్లు వేయించాలట, నిజమేనా?" హెడ్ అంటే ఇంజిన్ పైమూత. సీట్లంటే అందులో తలుపుల్లా తెరుచుకుని మూసుకునే వాల్వులు ఆనుకునే అంచులు. చూస్తే బండి చక్కగా నడుస్తుంటుంది. పొగ లేదు, పికప్ తగ్గలేదు. ఎవరో భయపెట్టి పంపారు, అంతే.

అపోహ: వాల్వ్ సీట్లు వెంటనే మార్చకపోతే ఇంజిన్ పాడవుతుంది.

భయపడటానికి కారణం లేకపోలేదు. 1920లలో పెట్రోల్లో టెట్రాఇథైల్ లెడ్ కలపడం మొదలుపెట్టింది నాకింగ్, అంటే ఇంజిన్ టకటక కొట్టుకోవడం, ఆపడానికే. కానీ అది కాలాక మిగిలే సీసం ఎగ్జాస్ట్ వాల్వుకీ సీటుకీ మధ్య పల్చటి పొరగా నిలిచేది. ఆ పొర లేకపోతే ఎర్రగా కాలిన వాల్వు మెత్తటి పోత ఇనుము సీటుకి అంటుకుని, లేచేటప్పుడు రవ్వంత లోహాన్ని పీక్కుపోతుంది. అలా సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది.

అయితే అది ఎప్పుడు జరుగుతుంది? ఎక్కువ ఆర్‌పీఎం మీద, బరువు మీద, గంటల తరబడి లాగినప్పుడు. సెలవురోజు బయటికి తీసి నిదానంగా నడిపే బండిలో అంత వేడి పుట్టదు. అల్యూమినియం హెడ్లకి మొదటినుంచీ విడి సీటు రింగులే ఉంటాయి, వాటిలో చాలావరకు గట్టివే. మామూలు టూ స్ట్రోక్ బండికైతే అసలు ఈ వాల్వులే ఉండవు!

అనుమానం ఉంటే ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు కాడకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, కొలవండి. సీటు దిగితే వాల్వు కాడ పైకి వస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. ప్రతి సర్వీసులో పల్చటి రేకులుండే ఫీలర్ గేజ్‌తో చూసి రాసిపెట్టుకోండి. ఎగ్జాస్ట్ గ్యాప్ సరిచేసిన ప్రతిసారీ మళ్లీ బిగుసుకుంటుంటే అప్పుడు హెడ్ సంగతి చూద్దాం.

ఒకాయన వాళ్ల నాన్నగారి కారు తెచ్చారు. హెడ్ పనికి వేరేచోట అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. నాన్నగారి గుర్తు, ఎక్కడ పాడైపోతుందోనని ఆయన దిగులు. డాష్‌బోర్డు అరలో నాన్నగారు గ్యాపులు రాసుకున్న పుస్తకం దొరికింది. నేను కొలిచాను. ఏళ్ల తరబడి సీసం లేని పెట్రోలు తాగిన ఇంజిన్‌లో గ్యాపులు ఆ అంకెల దగ్గరే ఉన్నాయి. విప్పనివ్వలేదు.

ఖర్చొక్కటే కాదు నా బాధ. కొన్ని పాత హెడ్లలో సీటు కింద లోహం పల్చగా ఉంటుంది. రింగు కోసం తొలిచేటప్పుడు వాటర్ జాకెట్ (చల్లబరిచే నీళ్లు తిరిగే దారి) తెగిందంటే మంచి హెడ్ చెత్తకుప్పకే. వేరే పనికి హెడ్ ఎలాగూ విప్పినప్పుడు, సీట్లు నిజంగా అరిగి ఉంటే, గట్టి రింగులు వేయించండి.

అపోహ: ఆక్టేన్ బూస్టర్ పోస్తే సీట్లు భద్రం. కాదు. అది నాకింగ్‌కి మాత్రమే. సీట్లకి పొటాషియం, మాంగనీస్ లాంటివి ఉన్న మందులు వేరే ఉన్నాయి. ఏదో ఒకటే వాడండి, కలపకండి. ఇంజిన్ కొట్టుకుంటుంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయండి, లేదా ప్లగ్ స్పార్క్ ఇచ్చే టైమింగ్ కాస్త వెనక్కి జరపండి.

అపోహ: సీసం పెట్రోలే పాత బండికి మేలు. ప్లగ్గుల మీద సీసం పేరుకునేది, దాంతో కలిపే బ్రోమిన్, క్లోరిన్ రసాయనాల వల్ల సైలెన్సరు తినేసేది. పిల్లల మెదడుకి అది విషం. 2021లో అల్జీరియా కూడా ఆపేశాక, రోడ్డు మీది వాహనాలకి దాన్ని అమ్మే దేశమే మిగల్లేదు. సీసం ఉంటుంది కదా అని చిన్న విమానాల పెట్రోలు తెచ్చి కలపాలని చూడకండి.

పాత బండిని ఇప్పుడు ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది పెట్రోల్లోని ఇథనాల్. పాత రబ్బరు పైపులు ఉబ్బి పగులుతాయి, కార్బురేటర్ వాషర్లు మెత్తబడతాయి. ముందు ఆ పైపులు చూసి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే మంటే.