సీసాలో వేళ్లు వచ్చాక అసలు పని

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మనీప్లాంట్ కొమ్మ నీళ్లలో పెట్టి వారమైనా వేరు రాలేదని దిగులు పడుతున్నారట. రెండు మూడు వారాలు పట్టొచ్చు, టెన్షన్ వద్దు. కాకపోతే ఒకసారి కొమ్మను బయటికి తీసి కణుపు ఉందో లేదో చూడండి. ఆకు కాండాన్ని అంటుకునే చోట కొంచెం ఉబ్బుగా ఉంటుందే, అదే కణుపు. మనీప్లాంట్‌కైతే అక్కడ గోధుమరంగు బుడిపె కూడా కనిపిస్తుంది. కణుపు లేని ఒట్టి ఆకు పెడితే ఒక్కోసారి వేళ్లు వస్తాయి గానీ, చిగురు మాత్రం ఎన్నాళ్లైనా రాదు. చిగురు పుట్టే మొగ్గ ఉండేది కణుపు దగ్గరే మరి.

కణుపుకి కాస్త కింద పదునైన కత్తెరతో కోయాలి. తుంచితే కాండం నలిగి కుళ్లిపోతుంది. జానెడు కొమ్మ చాలు. నీళ్లలో మునిగే ఆకులు గిల్లేయండి.

వేళ్లు పెట్టాలని కొమ్మకి ఎలా తెలుస్తుందని అడిగారు కదా, మంచి ప్రశ్న. చిగురులోనూ లేత ఆకుల్లోనూ ఆక్సిన్ అనే హార్మోను తయారై కాండం గుండా కిందికి దిగుతుంది. కొమ్మ కోశాక ముందుకు పోయే దారి లేక కోసిన చోటే పోగవుతుంది. అక్కడి కణాలు కొన్ని పాత పని మానేసి వేరుగా ఎదగడం మొదలుపెడతాయి. కాండం నుంచి ఇలా పుట్టేవాటినే అబ్బురపు వేర్లు అంటారు.

వేళ్లకూ గాలి కావాలి. నిలవ నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. కాండం జిగటగా తగిలితే కడిగేయండి. సీసా మీద నేరుగా ఎండ పడకూడదు, పడితే నాచు పడుతుంది.

వేళ్లు వచ్చాక చాలామంది ముచ్చటపడి సీసా నిండేదాకా అలాగే ఉంచేస్తారు. అది నాకు నచ్చదు. అంగుళం, రెండంగుళాలు పెరగగానే నాటేయాలి. నీళ్లలో పెరిగిన వేరు పెళుసుగా ఉంటుంది, దాని మీద నూగు లాంటి మూలకేశాలు తక్కువ. సీసాలో నీళ్లు చుట్టూ ఉండేవి, మట్టిలో రేణువుల సందుల్లో వెతుక్కోవాలి. ఆ పని చేయగల కొత్త వేళ్లు మట్టిలోకి వెళ్లాకే పుడతాయి. నీటి వేళ్లు ఎంత పొడుగైతే నాటేటప్పుడు అంత సులువుగా విరిగిపోతాయి.

అడుగున చిల్లు ఉన్న కుండీలో గుల్ల మట్టి పోసి, పెన్సిల్‌తో వెడల్పుగా గుంత చేసి కొమ్మను దించండి. మట్టిని గట్టిగా అదమకండి, నీళ్లు పోస్తే అదే సర్దుకుంటుంది. మొదటి పది రోజులు మట్టి తడి ఆరకూడదు, అలాగని బురద కాకూడదు. నీడపట్టున ఉంచండి. ఎరువు ఇప్పుడే వద్దు. ఆకులు వాలినా కంగారుపడి పీకి చూడకండి, అప్పుడే పుడుతున్న వేళ్లు తెగిపోతాయి. కొత్త ఆకు విప్పుకుందంటే వేళ్లూనుకున్నట్టే. అప్పటినుంచి వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి.

ప్రేమతో,
మీ తాతయ్య